సెంటర్‌లో పడేసే ముందు: మత్తుకు అలవాటు పడ్డ మనిషికి సిక్కోలులో సాయం ఎక్కడ, ఎలా

తమ్ముడి చొక్కా నానబెడుతుంటే జేబులోంచి సగం చించిన మాత్రల స్ట్రిప్పు జారింది. నొప్పి మాత్రలు. వాడికి నొప్పేమీ లేదు. గంజాయి సంగతి అప్పటికి ఏడాదిగా మాకు తెలుసు, తెలిసీ తెలియనట్టు నెట్టుకొస్తున్నాం. ఆ రాత్రి ఇంట్లో మూడు సలహాలు వచ్చాయి. నాన్న "నాలుగు తగిలిస్తే దిగుతుంది" అన్నారు. అమ్మ "పెళ్లి చేసేస్తే దార్లో పడతాడు" అంది. మా ఆయన "ఎక్కడో మత్తు మాన్పించే సెంటరుందట, ఫోన్ చేస్తే వాళ్లే బండి పంపి తీసుకుపోతారట" అన్నారు. మూడోది చేశాం. తెల్లవారుజామున నలుగురు వచ్చి వాణ్ణి రెక్కలు పట్టి ఎక్కించుకుపోయారు. నలభై అయిదు రోజులకు తిరిగొచ్చాడు. పదకొండో రోజుకు మళ్లీ మొదలు. పైగా మాతో మాట్లాడటం మానేశాడు.

నేను డాక్టర్ని కాను, కౌన్సెలర్ని కాను. నరసన్నపేట దగ్గర పల్లెలో పుట్టి శ్రీకాకుళంలో కాపురం ఉంటున్న ఒక అప్పని, అంటే అక్కని. ఆ తర్వాత రెండేళ్లు ఓపీల్లో, కౌన్సెలింగ్ గదుల బయట బెంచీల మీద కూర్చుని నేర్చుకున్నది వరసగా రాస్తున్నాను. మేం ముందు చేసిన పని నిజానికి ఆఖరున, అదీ అవసరమైతేనే చేయాల్సింది. అడ్మిషన్‌కన్నా ముందు చేయగలిగినవి చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ మన జిల్లాలోనే, పెద్ద ఖర్చు లేకుండా అవుతాయి.

ముందు ఒక మాట: ఆలోచించడానికి టైం లేని సందర్భాలు

ఎంత కుదిపినా లేవకపోయినా, ఊపిరి బాగా నెమ్మదించి గురకలాంటి చప్పుడు వస్తున్నా, పెదాలు నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపిస్తున్నాయని కేకలు పెడుతున్నా, చచ్చిపోతానంటున్నా ఈ వ్యాసం పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోపు మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మజ్జిగ, నిమ్మరసం, ఉప్పునీళ్లు నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఏం మింగాడో దాని స్ట్రిప్పు, సీసా చేత్తో పట్టుకెళ్లండి. పరువు పోతుందనో పోలీసులొస్తారనో డాక్టరు దగ్గర దాచొద్దు. ట్రమడాల్ లాంటి నల్లమందు జాతి మాత్రలైతే నలోక్సోన్ అనే విరుగుడు ఇంజెక్షన్ ఉంది. ఏం తీసుకున్నాడో డాక్టరుకు తెలిస్తే వైద్యం తొందరగా మొదలవుతుంది.

మొదటి అడుగు: ఒక తెల్లకాగితం

"మావాడు పాడైపోయాడండీ" అంటే ఏ డాక్టరుకైనా ఏమీ అర్థం కాదు. ఏ మత్తు అన్నదాన్ని బట్టే దారి మారుతుంది కాబట్టి ముందు ఒక కాగితం మీద రాయండి. ఏం వాడుతున్నాడు, ఎన్నాళ్లనుంచి, రోజుకి ఎంత, ఆఖరుసారి ఎప్పుడు, పొగా మాత్రా ఇంజెక్షనా పీల్చడమా. దాంతోపాటు మందు తాగుతాడా, నిద్రమాత్రలు వేసుకుంటాడా. మన వైపు ఎక్కువ వినిపించేవి గంజాయి, ట్రమడాల్, టాపెంటడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్పు, నిద్రమాత్రలు, చిన్నపిల్లల్లో అయితే పంక్చర్ సొల్యూషన్, వైట్‌నర్. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల గంజాయి రైళ్లలోనూ హైవే మీదా మన ముంగిట్లోంచే పోతుంది కాబట్టి దొరకడం కష్టం కాదు. పిల్లలు దాన్ని దాని పేరుతో పిలవరు. "సరుకు", "స్టఫ్" అంటారు. ఏ మాట వాడితే వాడికి తేలికో ఆ మాటతోనే అడగండి.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లు ఈ కాగితంలో ఇంకో గీత రాయాలి: కిడ్నీ సంగతి. సోంపేట, కవిటి, మందస, పలాస వైపు కుటుంబమైతే క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడు చేయించారు, ఎంత వచ్చింది అన్నది డాక్టరుకు ముందే చెప్పండి. కొన్ని మందుల మోతాదు కిడ్నీని బట్టి తగ్గించాలి. తాగుడు మాన్పించడానికి వాడే అకాంప్రోసేట్ కిడ్నీ గుండానే బయటికి పోతుంది, కిడ్నీ బాగా దెబ్బతిన్న వాళ్లకి దాన్ని ఇవ్వరు.

అప్పుడప్పుడు వాడేవాడూ, అది లేకుండా పొద్దు గడవనివాడూ ఒకటి కాదు. మోతాదు పెరుగుతూ పోతోందా? మానాలని చూసి మానలేకపోయాడా? వేసుకోకపోతే ఒళ్లు నొప్పులు, చెమటలు, చిరాకు వస్తున్నాయా? పనీ చదువూ వదిలేసి దాని చుట్టూనే తిరుగుతున్నాడా? ఇవేవీ లేని పిల్లాడికి వార్డు అక్కర్లేదు, రెండు మూడు సార్లు మంచి కౌన్సెలర్ దగ్గర కూర్చోబెడితే చాలా వరకు తేలిపోతుంది. ఇవన్నీ ఉన్నవాడికి ఉపదేశాలు పనిచేయవు.

రెండో అడుగు: మాట

మత్తులో ఉన్నప్పుడు మాట్లాడకండి, అప్పుడు చెప్పింది వినబడదు. పదిమంది ముందు, మేనమామల్ని పిలిపించి పంచాయితీ అసలే పెట్టకండి. మాకు కుదిరిన చోటు బండి. వాడు నడుపుతుంటే నేను వెనక కూర్చున్నాను. ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు, అదే మంచిదైంది.

"నిద్ర పట్టడం లేదేటిరా ఈమధ్య?"

"ఏటీ లేదప్పా."

"స్ట్రిప్పు సూసినాను. తిట్టడానికి కాదు. రోజుకి ఎన్ని ఏసుకుంటన్నావో సెప్పు, అంతే."

చాలా దూరం ఏమీ అనలేదు. వంతెన దాటాక "ఎనిమిది" అన్నాడు. నేను రెండో మూడో అనుకున్నాను. నోటిదాకా వచ్చిన తిట్టు మింగేసి, "మానాలని ఎప్పుడన్నా అనిపించిందా?" అని అడిగాను. "రోజూ అనిపిస్తాది" అన్నాడు. అడిగినవాళ్లు లేక చెప్పలేదట.

మనిషి ససేమిరా రానంటే కుటుంబం ఒక్కటే వెళ్లి కౌన్సెలర్‌ని కలవొచ్చు. ఇది చాలామందికి తెలీదు. ఎప్పుడు మాట్లాడాలి, ఏ సందర్భంలో డబ్బివ్వకూడదు, మత్తు లేని రోజు వాడితో ఎలా ఉండాలి అని ఇంట్లోవాళ్లకే తర్ఫీదు ఇచ్చే పద్ధతి ఒకటుంది, క్రాఫ్ట్ అంటారు. అమెరికాలో 1999లో అచ్చయిన ఒక అధ్యయనంలో, వైద్యానికి రానంటున్న తాగుబోతుల కుటుంబాలకి ఈ తర్ఫీదు ఇస్తే నూటికి 64 మంది విషయంలో ఆ మనిషి చివరికి వైద్యానికి వచ్చాడు. అందరూ చుట్టూ కూర్చుని ఒక్కసారిగా నిలదీసే పద్ధతిలో 30 మందే. మా ఇంట్లో మేనమామల పంచాయితీ ఎందుకు పనిచేయలేదో నాకు ఆ లెక్క చూశాక బోధపడింది.

మూడో అడుగు: ఏ తలుపు తట్టాలి

బస్సెక్కే ముందు ఫోన్లు. 14446 కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే మత్తు విముక్తి హెల్ప్‌లైన్, దగ్గర్లో ఎక్కడ వైద్యం దొరుకుతుందో అడగండి. 14416 టెలీ మానస్, 2022లో మొదలైంది, తెలుగులో మాట్లాడతారు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు. మనిషి స్వయంగా చేయొచ్చు, వాడి బదులు మనమూ చేయొచ్చు. 1972 మత్తు పదార్థాల్ని అరికట్టే రాష్ట్ర ఈగల్ విభాగానిది, అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వాలనుకుంటే అది. పిల్లాడికి 18 ఏళ్లు నిండకపోతే 1098 కూడా గుర్తుంచుకోండి. మైనరుకు మత్తు పదార్థం ఇచ్చినవాడికి బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ల దాకా జైలుంటుంది.

తర్వాత ఓపీ. శ్రీకాకుళంలో ప్రభుత్వ ఆస్పత్రి రిమ్స్, పేరు మారినా మనం ఇంకా అలాగే పిలుస్తాం. విజయనగరంలో మహారాజా ఆస్పత్రి, 2023లో అక్కడ ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ప్రైవేటులో రాగోలు జెమ్స్, నెల్లిమర్ల మిమ్స్ మెడికల్ కాలేజీలు. మెడికల్ కాలేజీ అంటే సైకియాట్రీ విభాగం ఉంటుంది. అక్కడ తేలని కేసైతే విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల. ఇచ్ఛాపురం వైపు వాళ్లకి విశాఖకన్నా బరంపురం మెడికల్ కాలేజీ దగ్గర, చాలామంది అటే పోతారు, తప్పేం లేదు. కాకపోతే ప్రతి వారం పోవాల్సి వస్తుంది కాబట్టి పేరున్న చోటుకన్నా పోయిరాగలిగే చోటు ముఖ్యం.

పొద్దున్నే వెళ్లండి. ఆధార్, ఆ తెల్లకాగితం, పాత చీటీలు, వాడే మాత్రల స్ట్రిప్పులు వెంట ఉండాలి. ఓపీ చీటీ రాసే కిటికీ దగ్గర "సైకియాట్రీ" అంటే చాలు, వరసలో అందరి ముందూ సంగతంతా చెప్పక్కర్లేదు. లోపల డాక్టరు మనిషితో ఒంటరిగా మాట్లాడతానంటే బయటికొచ్చేయండి. నేను మొదటిసారి రాలేదు, అన్నిటికీ నేనే జవాబు చెప్పాను. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, "వైద్యం మీకా, తనకా?" అని అడిగారు.

ఎవరు ఏం చేస్తారో తెలుసుకుంటే సగం గందరగోళం పోతుంది. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ మీద పైచదువు చదివిన డాక్టరు, మందులు రాసేది ఈయనే. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, పరీక్షలూ థెరపీ చేస్తారు. కౌన్సెలర్, సైకియాట్రిక్ సోషల్ వర్కరు ఇంటి సంగతులు, పని, చదువు, కుటుంబం చూస్తారు. మత్తు అలవాటు ముదిరినప్పుడు మొదట సైకియాట్రిస్టు, తర్వాతే మిగతావాళ్లు. ఎందుకంటే ఒంట్లో విషం విరగకుండా మాటలు తలకెక్కవు.

నాలుగో అడుగు: ఒంట్లోంచి దింపడం

దీన్నే డీటాక్స్ అంటారు. వైద్యమంతా ఇదేనని అందరూ అనుకుంటారు. ఇది మొదటి వారం పది రోజుల పని మాత్రమే.

గంజాయి మానితే ప్రాణభయం లేదు. ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్రలేమి, అన్నం సయించకపోవడం, పిచ్చి కలలు మొదలై, మొదటి వారంలో ఎక్కువై, సాధారణంగా రెండు మూడు వారాల్లో సర్దుకుంటాయి. చాలామందికి ఇంట్లో ఉండే మానిపించవచ్చు. గంజాయికి ప్రత్యేకంగా ఒక మందంటూ లేదు, దానికి అసలు మందు మాటల వైద్యమే. కానీ ఎవరో తనని తిడుతున్నట్టు వినబడటం, అందరూ తనమీద కుట్ర చేస్తున్నారనడం ఉంటే అది వేరే సంగతి, వెంటనే సైకియాట్రిస్టుకి చూపాలి. గాలి సోకిందని తిప్పుతూ నెలలు పోగొట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు.

నొప్పి మాత్రలు, హెరాయిన్ లాంటి నల్లమందు జాతివి ఆపితే చాలాసార్లు ఒక రోజులోపే ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్లంతా విరిచినట్టు నొప్పులు, విరేచనాలు. చచ్చిపోతున్నానని అరుస్తారు. నరకమే, కానీ నీళ్లు తగ్గకుండా చూసుకుంటే ప్రాణం మీదికి రావడం అరుదు. దీనికి మంచి మందులున్నాయి. బుప్రెనార్ఫిన్ అనేది డాక్టరు పర్యవేక్షణలో నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి ఇస్తారు. "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేస్తున్నారు" అని మా నాన్న గొడవ పెట్టారు. అది నిషా కోసం ఇచ్చేది కాదు. దానిమీద ఉన్నవాడు పొద్దున్నే లేచి పనికి పోగలడు. నాల్‌ట్రెక్సోన్ అనేది ఇంకో దారి, కానీ ఒంట్లో నల్లమందు జాతి పూర్తిగా పోయాక, కనీసం వారం పది రోజుల తర్వాతే మొదలుపెట్టాలి, లేకపోతే తిప్పలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి.

తాగుడు, నిద్రమాత్రలు ఈ రెంటికే జాగ్రత్త ఎక్కువ. రోజూ బాగా తాగేవాడు, ఏళ్లుగా నిద్రమాత్రలు మింగేవాడు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం పోవచ్చు. తాగుడు ఆపిన రెండు మూడు రోజుల్లో వణుకు, అయోమయం, లేనివి కనబడటం మొదలైతే అది ఎమర్జెన్సీ. గదిలో పెట్టి తాళం వేయడం ఇక్కడే మనుషుల్ని చంపుతుంది. నిద్రమాత్రలైతే డాక్టరు వారం వారం కొంచెం కొంచెం తగ్గిస్తూ వస్తారు. తెలియకుండా కూరలో కలిపి తాగుడు మాన్పించే మందు పెట్టడం కూడా అంతే ప్రమాదం, దానిమీద తాగితే గుండె మీదికి రావచ్చు.

అయిదో అడుగు: మాటల వైద్యం

కౌన్సెలింగ్ అంటే నీతులు చెప్పడమని నేనూ అనుకున్నాను. మొదటి రోజు తమ్ముణ్ణి లోపలికి పంపి బయట కూర్చుంటే లోపలినుంచి నవ్వు వినబడింది. ఏం చెప్పారురా అంటే "ఏటీ సెప్పలేదు, నన్నే అడిగినారు" అన్నాడు.

దానికి పేరుంది, మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. విలియం మిల్లర్ అనే సైకాలజిస్టు 1980ల్లో మొదలుపెట్టిన పద్ధతి. మానాలన్న కోరికా, మానకూడదన్న కోరికా రెండూ మనిషి లోపలే ఉంటాయి. మనం "మానెయ్" అని ఒకవైపు లాగితే వాడు రెండోవైపు లాగుతాడు. అందుకని కౌన్సెలర్ లాగరు, అడుగుతారు. గంజాయి వల్ల నీకు బాగున్నదేంటి, బాగులేనిదేంటి, ఇలాగే అయిదేళ్లు పోతే ఎలా ఉంటుంది అని. మానాల్సిన కారణం వాడి నోటివెంటే రావాలి.

మా వాడి విషయంలో ఆ కారణం అయ్యప్ప మాల రూపంలో వచ్చింది. మా ఊళ్లో ఎవరు చెడిపోయినా "మాల వేస్తే మానేస్తాడు" అంటారు. మా వాడు రెండుసార్లు వేశాడు, అప్పటికింకా గంజాయే. రెండుసార్లూ 41 రోజులు ముట్టలేదు, రెండుసార్లూ కొండ దిగొచ్చిన వారంలోనే మొదలు. అందుకే మేం దీక్షని కూడా దండగ కింద లెక్కేశాం. కౌన్సెలర్ అలా అనలేదు. "ఆ 41 రోజులు నిన్ను ఏం ఆపింది?" అని అడిగి బోర్డు మీద రాయించారు. తెల్లారకుండా లేచి చన్నీళ్ల స్నానం. వేళకి భిక్ష. సాయంత్రం ఖాళీ లేకుండా భజన. పాత స్నేహితులు దగ్గరికి రారు. చుట్టూ అదే దీక్షలో ఉన్న పదిమంది. అన్నిటికన్నా, నిన్నటిదాకా "ఒరే" అన్నవాళ్లంతా "స్వామీ" అనడం. ఆ చివరి మాట రాశాక మా వాడు చాలాసేపు బోర్డు వంకే చూశాడట. "మాల తీసీగానే ఇవన్నీ ఒకేసారి పోతాయి కదా" అని వాడే అన్నాడు. తర్వాత రెండు నెలల కౌన్సెలింగ్ అంతా ఆ జాబితాలోవి ఒక్కొక్కటి మాల లేకుండా ఎలా నిలబెట్టాలన్నదే. ఒక హెచ్చరిక: రోజూ తాగేవాళ్లు మాల కోసం ఒక్కసారిగా ఆపితే పైన చెప్పిన ఫిట్స్ ప్రమాదం ఉంటుంది, ముందు డాక్టరుని కలిసి తర్వాతే మాల.

రెండో పద్ధతి సీబీటీ, అంటే తన ఆలోచనల్నీ అలవాట్లనీ గమనించి మార్చుకోవడం. దీన్లో పుస్తకం, పెన్ను కావాలి. ఆశ పుట్టిన ప్రతిసారీ ఎక్కడున్నావు, ఎవరితో, ఏ టైము, మనసులో ఏముంది అని రాసుకోవాలి. మూడు వారాల పుస్తకం చూస్తే మా వాడిది సూటిగా కనబడింది: శనివారం సాయంత్రం, కూలి డబ్బులు చేతికొచ్చాక, బస్ కాంప్లెక్స్ వెనక టీ కొట్టు, ఒకే ఒక స్నేహితుడి ఫోను. మనిషంతా మారక్కర్లేదు, ముందు ఆ శనివారం మారితే చాలు. కూలి డబ్బు అమ్మ ఖాతాలోకి వేయించుకోవడం, ఆ నంబరు బ్లాక్ చేయడం, ఆ గంటకి నా దగ్గరికి వచ్చి పిల్లలకి లెక్కలు చెప్పడం. ఆశ అనేది కళింగపట్నం కెరటంలాంటిదని కౌన్సెలర్ చెప్పారట. లేస్తుంది, మీదికొస్తుంది, నిలబడితే విరుగుతుంది. సాధారణంగా అరగంటలోపే. ఆ అరగంట ఏం చేయాలో ముందే రాసుకుని ఉండాలి, అప్పుడు ఆలోచిద్దామంటే కుదరదు.

బహుమతి పద్ధతి కూడా ఉంది. మూత్ర పరీక్షలో మత్తు లేదని తేలిన ప్రతిసారీ చిన్న బహుమతి. పిల్లలాటలా అనిపిస్తుంది కానీ బాగా పనిచేసే పద్ధతుల్లో ఇదొకటి. ఇంట్లో మొదలుపెట్టాలంటే కౌన్సెలర్‌తో మాట్లాడి పెట్టండి, నగదు ఇవ్వకండి. ఒక మెలిక ఉంది. రోజూ గంజాయి తాగినవాడికి మానేశాక కూడా నెల దాకా పరీక్షలో కనబడవచ్చు, దాన్ని పట్టుకుని "అబద్ధాలాడుతున్నావు" అనకండి.

గ్రూపులు కొందరికి బాగా పడతాయి. ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో, నార్కోటిక్స్ అనానిమస్ 1953లో అమెరికాలో పుట్టాయి. ఫీజుండదు, పేరడగరు. మన ఊళ్లో గ్రూపు లేకపోతే ఫోన్లో జరిగే మీటింగులున్నాయి. మా వాడికి పడలేదు, పదిమందిలో చెప్పుకోలేనన్నాడు. పడనివాణ్ణి బలవంతం చేయక్కర్లేదు.

కుటుంబ కౌన్సెలింగ్‌కి మాత్రం అందరూ వెళ్లండి. మా నాన్న మూడుసార్లు రానన్నారు, నాలుగోసారి వచ్చి మూల కూర్చున్నారు. "ఇంట్లో వాడితో ఆఖరున మామూలు మాట ఎప్పుడు మాట్లాడారు?" అని అడిగితే జవాబు రాలేదు. ఆ రాత్రి వాడి దగ్గరికెళ్లి "రేపు గెడ్డ కాడికి నీరు కట్టడానికొస్తావేట్రా" అన్నారు. అంతే, ఇంకేం అనలేదు. వాడు వెళ్లాడు.

ఆరో అడుగు: అడ్మిషన్, నిజంగా అవసరమైతే

ఇంట్లో ఉండి మానడం రెండు మూడుసార్లు బెడిసికొట్టినా, ఫిట్స్ చరిత్ర ఉన్నా, ఇంజెక్షన్లు తీసుకుంటున్నా, మనసు జబ్బు కూడా తోడైనా, ఇంట్లోనే ఇంకొకరు వాడుతున్నా అడ్మిషనే మేలు. ముందు ప్రభుత్వ ఆస్పత్రి వార్డు, ప్రభుత్వ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు అడగండి. ప్రైవేటు సెంటరైతే డబ్బు కట్టకముందు స్వయంగా వెళ్లి చూడండి. ఫోన్లో "ఎంతైనా మాన్పించేస్తాం, గ్యారంటీ" అన్నచోటికి వెళ్లకండి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమనండి, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 కింద అది ఉండి తీరాలి. సైకియాట్రిస్టు వారానికెన్నిసార్లు వస్తారు, రాత్రి డ్యూటీలో నర్సు ఉంటారా, రోజువారీ కార్యక్రమం ఏంటి, ఇంటికి ఫోన్ చేసుకోనిస్తారా, కలవనిస్తారా, పంపించేశాక ఫాలోఅప్ ఉందా అని అడగండి. వంటగది, మరుగుదొడ్డి చూడండి. కిటికీలకి, తలుపులకి తాళాలు ఎటువైపునుంచి ఉన్నాయో చూడండి. మేం ఇవేవీ చూడలేదు.

అదే చట్టం కింద గొలుసులతో కట్టడం నిషేధం. పెద్దవాణ్ణి తన ఇష్టం లేకుండా చేర్చాలంటే ఇంట్లోవాళ్లు సంతకం పెడితే చాలదు. ఒక సైకియాట్రిస్టు, ఇంకో నిపుణుడు విడివిడిగా పరీక్షించి తనకో పక్కవాళ్లకో ప్రమాదం ఉందని, లేదా తన బాగోగులు తాను చూసుకోలేని స్థితిలో ఉన్నాడని తేల్చాలి. అదీ మొదట 30 రోజులకే. తెల్లవారుజామున బండి పంపడం ఈ లెక్కలో ఎక్కడా లేదు.

ఏడో అడుగు: కేసు భయం

"ఆస్పత్రికెళ్తే పోలీసులకి చెప్పేస్తారు" అన్న భయంతో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. వైద్యానికొచ్చినవాడి సంగతులు గోప్యంగా ఉంచాలని 2017 చట్టమే చెప్తోంది. గంజాయి తాగడం ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల) చట్టం కింద నేరమే, ఆరు నెలల దాకా జైలో, పదివేల దాకా జరిమానానో, రెండూనో. కానీ అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వాడకం కేసులోనో, కొద్ది మోతాదు దొరికిన కేసులోనో ఉన్నవాడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట వైద్యం చేయించుకుంటే ఆ కేసు విచారణ నుంచే మినహాయింపు ఉంటుంది. వైద్యం మధ్యలో వదిలేస్తే ఆ మినహాయింపూ పోవచ్చు. కొద్ది మోతాదు దాటిన కేసులకి ఇది వర్తించదు. ఇప్పటికే కేసుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థని అడగండి, 15100కి ఫోన్ చేస్తే దారి చెప్తారు.

ఎనిమిదో అడుగు: ఇంటికొచ్చాక

నా అనుభవంలో అసలు వైద్యం ఇక్కడే మొదలు. డిశ్చార్జి రోజే తర్వాతి ఓపీ తేదీ క్యాలెండరు మీద రాసి, ఆ రోజు ఎవరు తోడు వెళ్తారో కూడా రాయండి. మొదటి మూడు నెలలు వారం వారం, ఆపైన పదిహేను రోజులకోసారి పోయాం మేం. నొప్పి మాత్రలో హెరాయినో మానినవాళ్ల విషయంలో ఒకటి తప్పక తెలుసుకోవాలి: కొన్ని వారాలు మానేశాక ఒంటికి ఓర్పు తగ్గిపోతుంది. పాత మోతాదు మళ్లీ ఒకేసారి వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. ఈ మాట వాడికి ముందే సూటిగా చెప్పండి. చెప్తే గుర్తు చేసినట్టవుతుందని మేం భయపడ్డాం, వాడికి గుర్తు లేకపోతే కదా.

మన జిల్లాల్లో సంక్రాంతి ఒక గండం. చెన్నై, హైదరాబాదు, గుజరాత్ వలసెళ్లిన స్నేహితులంతా ఒకేసారి దిగుతారు, జేబుల్లో డబ్బు, నాలుగు రోజులు పని లేదు. విజయనగరం వాళ్లకి సిరిమాను జాతర రోజులూ అంతే. పండక్కి పది రోజుల ముందే కౌన్సెలర్ దగ్గర కూర్చుని ప్లాన్ వేసుకోండి: భోగి మంట దగ్గర ఎవరితో ఉంటాడు, రాత్రి ఎక్కడ పడుకుంటాడు, ఎవరైనా ఇవ్వబోతే ఏం అంటాడు. "ఒంట్లో బాలేదు, మందులు వాడుతున్నాను" అన్న ఒక్క ముక్క మా వాడు అద్దం ముందు నిలబడి పదిసార్లు చెప్పి చూసుకున్నాడు. నవ్వొచ్చింది, కానీ కనుమ రోజు అదే పనికొచ్చింది. వలస పనికి పోవాల్సి వస్తే ఆర్నెల్లు ఆగండి. ఆగలేకపోతే పోయే ఊళ్లో ఓపీ ఎక్కడో ముందే కనుక్కుని చీటీ నకలు పంపండి.

అమ్మల సంగతి ఒకటి. మా అమ్మకి బీపీ ఆ ఏడాదే వచ్చింది, రాత్రిళ్లు గేటు చప్పుడు కోసం కూర్చునేది. 14416కి ఇంట్లోవాళ్లు తమకోసం కూడా ఫోన్ చేయొచ్చు. అమ్మ చేయనంది, నేను చేసి ఆమె చేతికిచ్చాను. ఇరవై నిమిషాలు మాట్లాడి, పెట్టేశాక "ఆ అమ్మాయి మనూరి పిల్లలాగే మాటాడింది" అంది.

మళ్లీ జారితే? జారతారు, చాలామంది జారతారు. మా వాడు ఏడో నెలలో జారాడు, ఒక శనివారం. ఆదివారం పొద్దున్న వాడే ఫోన్ చేసి "అప్పా, నిన్న ఏసుకున్నాను" అన్నాడు. అప్పుడు చేయాల్సినవి చాలా చిన్నవి. ఎన్ని, ఎప్పుడు, ఇప్పుడు ఒంట్లో ఎలా ఉంది అని అడగాలి. మిగిలినవి ఉంటే తెమ్మనాలి. వాడి పుస్తకంలో ఆ రోజు పేజీ వాడిచేత రాయించాలి. రాబోయే ఓపీ తేదీ దాకా ఆగకుండా సోమవారం పొద్దున్నే వెళ్లాలి. మేం ఏడింటి బస్సుకి వెళ్లాం. దారిలో వాడు కిటికీ పక్కన కూర్చుని ఆ పేజీ నింపుతూ, "మూడు అని రాయాలా, నాలుగని రాయాలా, ఒకటి సగమే ఏసుకున్నాను" అని అడిగాడు. మూడున్నర అని రాయమన్నాను.